పద్నాలుగు గళ్ళు

తోడల్లుడు చెడ్డవాడైతే మనిషికి ఎంత సుఖం! నలుగురిలో నాలుగు మాటలు అనేసి, రాకపోకలు తగ్గించేసి, హాయిగా బతికెయ్యవచ్చు. వీరభద్రరావుకి ఆ అదృష్టం లేదు. అతని తోడల్లుడు అవినాష్ మంచివాడు. అడిగితే కాదనడు, అడక్కపోయినా వచ్చి సాయం చేస్తాడు, నోరారా "అన్నయ్యా" అని తప్ప పిలవడు. పైగా రేస్ కారులో కూర్చోబెడితే ట్రాక్ చుట్టూ ఒక్క ల్యాప్ తిరిగేసరికి భద్రం కంటే సెకనున్నర ముందుంటాడు. పన్నెండేళ్ళుగా ఆ మంచితనాన్ని ఎలాగో భరించాడు గానీ, ఈ సెకనున్నర మాత్రం భద్రానికి గొంతు దిగలేదు.

భద్రానికి యాభై ఒకటి. అరిజోనాలోని చాండ్లర్‌లో చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళుగా ఎక్విప్‌మెంట్ ఇంజనీరు. అక్కడ మెషీన్లకు నోరుండదు, అంకెలుంటాయి. వేడి ఇంత, గ్యాస్ ప్రెషర్ ఇంత అని అవి చెబుతాయి. ఆ చెప్పినదాంట్లో నిజమెంత, మెషీన్ పాడైందా, లేక కొలిచే సెన్సారే అబద్ధమాడుతోందా అని తేల్చడం భద్రం పని. ఆ పనిలో అతన్ని మించినవాడు లేడు. ఒకసారి షిఫ్టులో ఒక కుర్ర ఇంజనీరు, మెషీన్ ఆపాల్సి వస్తుందని భయపడి, రిపోర్టులో ఒక అంకెను కొంచెం సర్దాడు. భద్రం వాణ్ణి చెయ్యి పట్టుకుని మేనేజర్ గదికి తీసుకెళ్ళాడు. "అంకెను ముట్టుకుంటే చెయ్యి కాలాలి" అన్నాడట. వాడికి తెలుగు రాదు కాబట్టి ఇంగ్లీషులోనే అని ఉంటాడు.

ఆదివారాల్లో మాత్రం అతను వేరే మనిషి. మూడేళ్ళ కిందట 1999 నాటి ఒక చిన్న మియాటా కారు కొని, లోపలి సీట్లూ కార్పెట్లూ పీకించి, ఇనపకడ్డీల పంజరం బిగించి రేసు కారుగా మార్చాడు. యాభయ్యో పడికి అడుగు దూరంలో ఈ పిచ్చేమిటని భార్య విజయశ్రీ అడిగితే, జీవితమంతా మెషీన్ల జాతకాలు చూశాను, ఒక్కదాన్నైనా నడిపి చూడనివ్వమన్నాడు. ఆరు నెలల తరువాత విజయశ్రీ చెల్లెలి మొగుడు అవినాష్ సరదాగా చూడ్డానికొచ్చాడు. "అన్నయ్యా, ఒక్కసారి డ్రైవ్ చేయనా?" అని అడిగాడు. పెద్దల్లుడి హోదాలో భద్రం హెల్మెట్ తీసి ఇచ్చాడు. ఆ హెల్మెట్ ఇచ్చిన చేతిని తరువాత ఎన్నిసార్లు తిట్టుకున్నాడో లెక్కలేదు.

అవినాష్ సగం వాటా పెట్టాడు. అప్పటినుంచి కారు ఇద్దరిదీ. ట్రాక్ మీద పొద్దుట మొదటి సెషన్ అవినాష్‌ది, మధ్యాహ్నం సెషన్ భద్రానిది. ఈ ఏర్పాటు చేసింది భద్రమే. చల్లని టైర్లతో ఎవడు పడతాడు, తమ్ముడు పోయి కారు వేడి చేసి పెడితే మనం దర్జాగా ఎక్కవచ్చు అనుకుని, "నువ్వు ముందు వెళ్ళవయ్యా" అని పెద్దరికంగా అన్నాడు. తీరా అవినాష్ టైములు తగ్గుతూ, తనవి ఉన్నచోటే ఉండేసరికి, ఆ ఏర్పాటే సాకుగా పనికొచ్చింది. పొద్దుట చల్లగా ఉంటుంది, ఇంజన్ బాగా లాగుతుంది. మధ్యాహ్నం అరిజోనా ఎండకి మనుషులే లాగరు, ఇంజన్ ఎక్కడ లాగుతుంది? ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉంది కదా అని మీకు అనిపిస్తే, అనిపించనీయండి. విజయశ్రీకీ అలాగే అనిపించింది గానీ పైకి అనలేదు.

"పోనీ ఈసారి మీరు మార్నింగ్ వెళ్ళండి అన్నయ్యా, నేను ఆఫ్టర్‌నూన్ తీసుకుంటా" అన్నాడు అవినాష్ ఒకసారి.

"అక్కర్లేదు. అలవాటైపోయింది" అన్నాడు భద్రం.

పొద్దుట వెళ్ళి కూడా సెకనున్నర వెనకే వస్తే? ఆ తరువాత చెప్పుకోవడానికి ఎండ కూడా ఉండదు. ఆ సంగతి భద్రానికి తెలుసు. తెలుసు కాబట్టే అలవాటైపోయింది.

ఇలా ఉండగా జూలై వచ్చింది. నవంబరులో ఏడాదికోసారి జరిగే పెద్ద రేసు ఉంది. దానికి కారుకి ఒక్కడే డ్రైవరు. కిందటి రెండేళ్ళూ పెద్దవాడని భద్రమే వెళ్ళాడు. ఒకసారి పంతొమ్మిదో స్థానం, ఒకసారి ఇరవై ఒకటి. ఈసారి అవినాష్‌ని పంపితే బాగుంటుందేమో అని అత్తగారు శేషమ్మ అనేసింది. ఆవిడ విజిటర్ వీసా మీద ఆరు నెలలకు వచ్చి, కూతుళ్ళ మధ్య మూడేసి నెలలు పంచుకుంటోంది. ట్రాక్ దగ్గర మడతకుర్చీలో కూర్చుని, చెవుల్లో దూది పెట్టుకుని, పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని రేసులు చూస్తుంది.

"చిన్నల్లుడు వెళ్తుంటే కారు వెళ్తున్నట్టే ఉండదమ్మా, గాలి వెళ్తున్నట్టుంటుంది" అంది ఆవిడ.

"మరి నేను వెళ్తుంటేనో?" అని నవ్వుతూ అడిగాడు భద్రం.

శేషమ్మ కొంచెంసేపు ఆలోచించి, "మీరు వెళ్తుంటే కారు వెళ్తున్నట్టే ఉంటుంది నాయనా" అంది.

ఆ రోజు పులిహోర భద్రానికి సహించలేదు. ఇంటికొస్తూ దారంతా ఒక్కటే ఆలోచించాడు. తన జీవితంలో ఏ గొడవొచ్చినా తేల్చింది అంకెలే. ఇదీ అవే తేలుస్తాయి. కారుకి డిజిటల్ డ్యాషూ డేటా లాగరూ పెట్టిద్దాం, ఎవరు నిజంగా బాగా నడుపుతున్నారో అది చెబుతుంది, దాన్నిబట్టి నవంబరులో ఎవరో నిర్ణయిద్దాం అన్నాడు. అవినాష్ వెంటనే సరేనన్నాడు. అవినాష్ ఎప్పుడూ వెంటనే సరేనంటాడు. అదొక రోగం.

డ్యాష్ అంటే స్టీరింగ్ వెనక ఉండే తెర. పాత కారు ముళ్ళూ మీటర్లూ పీకేసి ఆ స్థానంలో దీన్ని బిగిస్తారు. స్పీడు, ఇంజన్ వేడి, ఆయిల్ ప్రెషర్ అన్నీ దాని మీదే కనిపిస్తాయి. లాగర్ దానికి జతగా ఉండే పెట్టె. కారు ఏ క్షణాన ఎక్కడుందో, డ్రైవరు యాక్సిలరేటర్ ఎంత తొక్కాడో, బ్రేకు ఎక్కడ వేశాడో, స్టీరింగ్ ఎంత తిప్పాడో సెకనుకి పదిసార్లు రాసుకుంటుంది. మనిషి మరిచిపోయినా అది మరిచిపోదు.

దాన్ని ఎంచుకోవడానికి భద్రానికి తొమ్మిది వారాలు పట్టింది. విజయశ్రీ తన పెళ్ళి చీరలు ఒక్క పూటలో తీసుకుంది. భద్రం ఎక్సెల్‌లో నలభై ఒక్క వరుసల పట్టిక వేశాడు. వీడియోలు చూశాడు, ట్రాక్‌లో కనబడ్డవాళ్ళందరి కార్లలోకీ తల దూర్చాడు. చివరికి మూడు మిగిలాయి. ఒకటి అద్దానికి అతికించుకునే చిన్నది. వైర్లక్కర్లేదు, ల్యాప్ టైము పెద్ద అంకెల్లో చూపిస్తుంది, అంతకుమించి దానికేమీ తెలియదు. అవినాష్‌కి అదే నచ్చింది.

"టైము కనిపిస్తే చాలదా అన్నయ్యా? ఇంజన్ హీటెక్కితే ఒక రెడ్ లైట్ వెలగాలి. అంతే కదా మనకి కావాల్సింది" అన్నాడు.

గెలిచేవాడికి అంతే కావాలి. ఓడేవాడికి కారణాలు కావాలి.

రెండోది చాలా అందంగా ఉంటుంది. రంగురంగుల పెద్ద తెర, గేర్ మార్చాల్సినప్పుడు పైన వరసగా వెలిగే దీపాలు, చూస్తే కళ్ళు చెదురుతాయి. ట్రాక్‌లో పరిచయమున్న ఒకాయన దగ్గర దాన్ని ఒక్కరోజుకి అరువు తెచ్చాడు. ఆగస్టు నెల, మధ్యాహ్నం రెండు గంటలకి, టాపు లేని కారుని ఇంటిముందు ఎండలో పెట్టి, దాంట్లో ఆ తెరను ఆనించి, హెల్మెటూ గ్లవ్స్ వేసుకుని కూర్చున్నాడు. ఎండలో అంకెలు కనిపిస్తాయా, గ్లవ్స్‌తో బటన్లు పడతాయా అన్నది పరీక్ష. కిటికీలోంచి చూసిన శేషమ్మ, "ఒసే విజయా, అల్లుడుగారికి ఎండదెబ్బ తగిలిందేమో, కదలని కారులో కూర్చున్నారు, చూడవే" అని కేకేసింది. ఆ తెర మీద భద్రానికి కనిపించింది తన హెల్మెట్ ఒక్కటే. ఇరవై నిమిషాల తరువాత చెమటతో లోపలికొచ్చి దాని మీద ఇంటూ మార్కు పెట్టాడు.

మూడోదానికి అందం లేదు. బూడిదరంగు తెర, నల్లని అంకెలు, బ్యాంకులో టోకెన్ నంబరు చూపించే బోర్డులా ఉంటుంది. ఎండ ఎంత తగిలితే అంత స్పష్టంగా కనిపిస్తుంది. వెనక పన్నెండు వైర్లు పట్టే చోటుంది. యాక్సిలరేటర్, బ్రేకు, స్టీరింగ్, నీళ్ళ వేడి, బయట గాలి వేడి, ఏం కావాలంటే అది కలుపుకోవచ్చు. భద్రం దాన్నే తీసుకున్నాడు. ఎండకి కనిపిస్తుంది కాబట్టి తీసుకున్నానని అందరికీ చెప్పాడు. నిజమేమిటంటే, ఆ నలభై ఒక్క వరుసల పట్టికలో ఎవరికీ కనబడకుండా దాచిన ఒక నిలువు వరుస ఉంది. దాని పైన "ఇందులో అవినాష్ దొరుకుతాడా?" అని ఉంది. మొదటిదానికి లేదు. రెండోదానికి కొంతవరకు. మూడోదానికి అవును.

బిగించడం కూడా తనే బిగించాడు. రెండు శనివారాలు గరాజ్‌లో వెల్లకిలా పడుకుని వైర్లు లాగాడు. అవినాష్ పక్కన టార్చి పట్టుకుని కూర్చున్నాడు. యాక్సిలరేటర్ పెడల్‌ని వదిలేస్తే సున్నా, పూర్తిగా తొక్కితే వంద చూపించేలా సెన్సార్‌ని భద్రం నాలుగుసార్లు సరిచూశాడు.

"మీరు లేకపోతే ఈ కారే లేదన్నయ్యా" అన్నాడు అవినాష్. ఆ మాట నిజంగానే అన్నాడు. భద్రానికి స్క్రూడ్రైవర్ విసిరెయ్యాలనిపించింది.

అక్టోబరు మొదటి ఆదివారం ఇద్దరూ నడిపారు. సోమవారం లంచ్ టైములో భద్రం ఆఫీసు పార్కింగ్‌లో తన కారు ఎక్కి, ఏసీ వేసుకుని, సొంత ల్యాప్‌టాప్ తెరిచాడు. లాగర్‌తో వచ్చే సాఫ్ట్‌వేర్ అతనికి నచ్చదు. అంతా ఎక్సెల్‌లోకి దించుకుని చూడటమే అలవాటు. ఒక పక్క అవినాష్ మంచి ల్యాప్, ఇంకో పక్క తనది. ముందుగా ఇంజన్ వేడి చూశాడు. పొద్దుటికీ మధ్యాహ్నానికీ తేడా నాలుగు డిగ్రీలు. దాంతో చీమకి కూడా ఏమీ కాదు. సరే, బ్రేకులు చూశాడు. ఇద్దరూ దాదాపు ఒకేచోట వేస్తున్నారు. మూడో మలుపు దగ్గర తనే పది అడుగులు ఆలస్యంగా, అంటే ఇంకా ధైర్యంగా, వేస్తున్నాడు. ఛాతీ కొంచెం పొంగింది. స్టీరింగ్ కూడా తనదే నిలకడగా ఉంది. మరి సెకనున్నర ఎక్కడ పోతోంది?

ఎనిమిదో మలుపులో పోతోంది. అది ట్రాక్ మొత్తంలో అన్నిటికంటే వేగంగా తీసుకునే మలుపు. తొంభై మైళ్ళ పైన వచ్చి కుడికి ఒంగాలి. బయట పక్కన వరసగా పేర్చిన పాత టైర్లు, వాటి వెనక కాంక్రీటు గోడ. అక్కడ తను యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కే వెళ్తానని భద్రం మూడేళ్ళుగా ఎవరడిగినా చెబుతున్నాడు. దేవుడి ముందు ప్రమాణం చెయ్యమన్నా చేసేవాడు. ఎక్సెల్‌లో అతని కాలు వంద నుంచి నలభై మూడుకి పడిపోయి ఉంది. ఒక్క ల్యాప్‌లో కాదు, ఏడింటికి ఏడు ల్యాపుల్లో అదే. ప్రతిసారీ దాదాపు సెకనున్నర పాటు కాలు పైకి లేచిపోతోంది, అతనికి తెలియకుండానే. అవినాష్ కాలు కూడా అక్కడ లేస్తోంది. కానీ ఎనభై దగ్గర ఆగి, రెప్పపాటులో మళ్ళీ వందకి దిగుతోంది.

భద్రం మొదట సెన్సార్‌ని అనుమానించాడు. కానీ నాలుగుసార్లు సరిచూసింది తనే కదా. ఇరవై రెండేళ్ళుగా ఇంకొకరి మెషీన్ల ముందు నిలబడి, "సెన్సార్ బాగానే ఉంది, లోపం నీలోనే" అని చెప్పిన మనిషి ఇప్పుడు ఎవరితో ఏమనగలడు? భయపడ్డానని ఒప్పుకోవడం కంటే, తనకంటే అవినాష్ తక్కువ భయపడ్డాడని ఒప్పుకోవడం కష్టమైంది. వాడూ భయపడ్డాడు. సరిగ్గా ఎంత భయపడాలో అంతే భయపడ్డాడు. ఆ కొలత వాడికి ఎవరు చెప్పారు? నేర్పకుండా ఎలా వచ్చింది? భద్రం కళ్ళల్లో నిప్పులు పోసుకున్నట్టయింది.

తన వరసలో నలభై మూడు ఉన్న గడి మీద, దాని పైనా కిందా తగ్గి ఉన్న గళ్ళ మీద, మౌస్ పెట్టి లెక్కపెట్టాడు. పద్నాలుగు గళ్ళు. మొదటి గడిలో 100 అని కొట్టి, మూల పట్టుకుని కిందికి లాగాడు. పద్నాలుగూ వందలైపోయాయి. గ్రాఫులో గుంట మాయమై గీత తిన్నగా నిలబడింది. స్పీడు ఉన్న వరసను అతను ముట్టుకోలేదు. ముట్టుకోకపోవడమే మేలు: కాలు పూర్తిగా తొక్కినా స్పీడు రాలేదంటే తప్పు కారుదీ ఎండదీ అవుతుంది. చెయ్యి కాలలేదు. గ్రాఫు ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. "టర్న్ 8. ఇద్దరి యాక్సిలరేటర్. నేను ఫ్లాట్ అయినా మధ్యాహ్నం హీట్‌కి స్పీడు రావట్లేదు" అని రాశాడు. ఫ్లాట్ అంటే కాలు ఎత్తకుండా పూర్తిగా తొక్కి వెళ్ళడం.

సాయంత్రం అవినాష్ ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, ఎనిమిదిలో మీరు నిజంగా ఫ్లాట్ వెళ్తున్నారా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు భద్రం, "ఏం, డౌటా? డేటా ఉంది కదా!" అన్నాడు.

"అయ్యో, డౌట్ కాదు. నేను అక్కడ లిఫ్ట్ చేస్తున్నానని నాకు తెలుసు. భయమేసి ఎత్తేస్తా. ఇదే లిమిట్ అనుకున్నా. మీరు ఫ్లాట్ వెళ్తున్నారంటే..." అవినాష్ గొంతు కొంచెం తగ్గింది. "సరే, నవంబర్ మీరే చేయండి. మీరే కరెక్ట్."

అంత సులభంగా గెలిచేశాడు భద్రం. ఆ వారం అతనికి పండగే. విజయశ్రీ తన స్నేహితురాళ్ళకి గ్రాఫు పంపించింది. దోసెలకి అవినాష్ వాళ్ళింటికి పిలిస్తే, శేషమ్మ మూడో దోసె అడక్కుండానే భద్రం పళ్ళెంలో వేసి, "పెద్దల్లుడిగారి గుండె గట్టిదట కదా, చిన్నాడే చెప్పాడు" అంది. పన్నెండేళ్ళలో ఆవిడ అల్లుళ్ళ పోలికలో పెద్దవాడు పైన ఉండటం అదే మొదలు. భద్రం ఆ దోసెను ఆస్వాదించాడు. అబద్ధమెందుకు, నిజంగానే ఆస్వాదించాడు. కాకపోతే ఇంటికొచ్చాక తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా తిరిగేవాడు. గ్రాఫు మాట ఎవరెత్తినా వేరే మాటలోకి దిగేవాడు.

అవినాష్ మాత్రం ఆ దోసెల రోజు సరిగా తినలేదు. భద్రం అది చూశాడు. చూసి ఓడిపోయినవాడి ముఖం అలాగే ఉంటుందిలే అనుకున్నాడు.

రెండు వారాల తరువాతి ఆదివారం, రేసుకి ముందు ఆఖరి ప్రాక్టీసు. పొద్దుట ఏడున్నర. ఎడారి గాలి చల్లగా ఉంది. ఆడవాళ్ళు కంచె దగ్గర కుర్చీలు వేసుకున్నారు. అవినాష్ బెల్టులు బిగించుకుని కారులో కూర్చున్నాడు. ముందు ఐదు కార్లు వరసలో ఉన్నాయి. భద్రం కిటికీ దగ్గర నిలబడి బెల్టు సరిచూశాడు. అలవాటు ప్రకారం డ్యాష్ వైపు చూశాడు. బూడిదరంగు తెర పైన అవినాష్ ఒక నీలంరంగు టేపు ముక్క అతికించాడు. దాని మీద పెన్నుతో రాసి ఉంది: "8లో అన్నయ్యలా."

"ఏంటిది?" అన్నాడు భద్రం.

"ఇవాళ ఎనిమిదిలో మీలాగే వెళ్తా" హెల్మెట్ లోంచి అరిచాడు అవినాష్. "ఫ్లాట్. మీరు వెళ్ళగలిగితే కారుకి వెళ్ళే దమ్ముంది కదా. నేనే ఊరికే భయపడుతున్నా."

వరస కదిలింది. ఒక కారు వెళ్ళింది. భద్రం "జాగ్రత్త" అన్నాడు. అంతే అన్నాడు. చెయ్యి కారు మీదనుంచి తీశాడు. ఇంకో కారు వెళ్ళింది. వెళ్ళనీ, అనుకున్నాడు. ఒక్కసారి తిరగనీ. గింగిరాలు తిరిగి, దుమ్ములో ఆగి, ముఖం వేలాడేసుకుని రానీ. వీడికీ తప్పు జరుగుతుందని అత్తగారు కళ్ళారా చూడనీ. మూడో కారు వెళ్ళింది. తొంభై మైళ్ళ దగ్గర ఎనిమిదిలో కాలు ఎత్తకపోతే కారు దుమ్ములో ఆగదని లెక్క వెయ్యడానికి భద్రానికి ఎక్సెల్ అక్కర్లేదు. టైర్లు, వాటి వెనక గోడ. వీడు తన మాట మీద, తను టైపు చేసిన అంకె మీద వెళ్తున్నాడు. నాలుగో కారు, ఐదో కారు. జెండా మనిషి అవినాష్ వైపు చెయ్యి ఊపాడు.

రేసు కార్లకు అద్దం కింద బయటి వైపు ఒక ఎర్ర మీట ఉంటుంది. ప్రమాదమైతే బయటివాళ్ళు దాన్ని తిప్పితే కరెంటు మొత్తం పోయి ఇంజన్ ఆగిపోతుంది. భద్రం రెండడుగులు పరుగెత్తి దాన్ని తిప్పేశాడు.

కారు దగ్గి ఆగింది. తెర నల్లబడింది. వెనక కార్లు హారన్లు కొట్టాయి. జెండా మనిషి తిట్టుకుంటూ వచ్చి, ఇద్దరి చేత కారును పక్కకి తోయించాడు. అవినాష్ హెల్మెట్ తీసి, "ఏమైందన్నయ్యా? ఆయిల్ లీకా?" అన్నాడు.

"నేను ఫ్లాట్ వెళ్ళను."

"ఏంటి?"

"ఎనిమిదిలో. నేను ఫ్లాట్ వెళ్ళను. ఆ వందలు నేను కొట్టాను. పద్నాలుగు గళ్ళు. అసలుది నలభై మూడు. నువ్వు ఎనభై. నువ్వు చేసేదే కరెక్టు. ఆ పైన కారు నిలబడదు."

అవినాష్ అతని ముఖంలోకి చూశాడు. పన్నెండేళ్ళలో అలా ఎప్పుడూ చూడలేదు.

"నన్ను చావమన్నారా?"

భద్రానికి కాదనడానికి మాట సిద్ధంగానే ఉంది. కానీ ఇంకొక అంకెను సర్దే ఓపిక లేకపోయింది. "చస్తావనుకోలేదు. ఒక్కసారి తిరిగితే బావుణ్ణనుకున్నాను. ఇప్పుడే, ఇక్కడే, మూడు కార్లు వెళ్ళేదాకా అనుకున్నాను" అన్నాడు.

అవినాష్ ఆ టేపు ముక్కను పీకి ఉండ చుట్టాడు.

"రెండు వారాలుగా నాకు తిండి సయించలేదు తెలుసా?" అన్నాడు. "ఈ వయసులో ఈయనకి అంత గుండె ఎక్కడిది, నాకెందుకు లేదు అని కుళ్ళి చచ్చాను. మీ మీద కుళ్ళుకోవడం ఇష్టం లేక ఇవాళ అది తేల్చేసుకుందామనుకున్నా."

సిగ్గుతో తల వంచుకున్న ఆ క్షణంలో కూడా భద్రానికి లోపలెక్కడో ఒక తీపి తగిలింది. అవినాష్ తనను చూసి కుళ్ళుకున్నాడు! దోసెల రోజు ఆ ముఖం అందుకు అలా ఉంది! ఆ తీపి ఎంత నీచమైనదో కూడా ఆ క్షణంలోనే తెలిసింది. తెలిసినా తియ్యగానే ఉంది.

"స్విచ్ ఆన్ చేయండి. ఇంకా పది నిమిషాలుంది" అన్నాడు అవినాష్. 'అన్నయ్యా' అనలేదు.

భద్రం మీట తిప్పాడు. తెర మీద నల్లని అంకెలు మళ్ళీ వచ్చాయి. కారు వెళ్ళిపోయింది. అతను కంచె దగ్గరికి నడిచి విజయశ్రీ పక్కన నిలబడ్డాడు. ఆవిడ ఫోన్‌లో టైములు చూసి కాగితం మీద రాసుకుంటోంది. అవతల కుర్చీలో శేషమ్మ చెవుల్లో దూదితో కునుకుతోంది. దూరంగా తిన్నని దారిలో మియాటా చప్పుడు పెరుగుతూ వస్తోంది. ఎత్తరా, అని భద్రం లోపల లోపల గొణిగాడు. ఎత్తు, ఎత్తు. ఎనిమిది దగ్గర ఇంజన్ గొంతు రెప్పపాటు తగ్గి మళ్ళీ లేచింది. కారు టైర్లకు గజం దూరంలోంచి సాఫీగా సాగిపోయింది. భద్రం కంచె పట్టుకుని ఊపిరి వదిలాడు.

"ఏమైందండీ, అలా చెమటలు పడుతున్నాయి?"

"కాలు ఎత్తాడు."

"అక్కడ ఎత్తకూడదుగా? మీరు ఎత్తరుగా?"

"ఎత్తుతాను విజయా. వాడికంటే చాలా ఎక్కువ ఎత్తుతాను. నీకు పంపిన గ్రాఫు నేను దిద్దింది."

విజయశ్రీ భర్తను చూసి, ఫోన్ వైపు తిరిగింది. అవినాష్ ల్యాప్ టైము వచ్చింది. ఆవిడ దాన్ని పైకి చదవడానికి వెనకాడింది.

"చదువు" అన్నాడు భద్రం.

చదివింది. ఈ ఏడాది మొత్తంలో ఆ కారు తిరిగిన అన్నిటికంటే తక్కువ టైము. భద్రం మంచి టైము కంటే రెండు సెకన్లు తక్కువ. నిజం చెప్పేస్తే ఈ మంట చల్లారుతుందని కంచె దగ్గరికి వస్తూ అనుకున్నాడు భద్రం. చల్లారలేదు. కడుపులో భగ్గుమంటూనే ఉంది, బహుశా ఇక ఎప్పటికీ ఉంటుంది.

"రాసుకో" అన్నాడు. "ఉన్నది ఉన్నట్టు రాసుకో. నవంబరు ఫారంలో డ్రైవరు పేరు కూడా వాడిదే రాయి."